గాజుతొట్టికి అతుకు

పిల్లలూ!

ఈ నెల మీలో ఒకరు రాసిన ఉత్తరంతో మొదలుపెడదాం. రాసినవాడు ఆరో తరగతి కుర్రవాడు. వాళ్ళ ఇంట్లో రెండడుగుల గాజుతొట్టి ఉన్నదట. అందులో నాలుగు బంగారుచేపలు ఉన్నాయట. పది రోజులుగా తొట్టి కింద బల్ల తడిగా ఉంటున్నదట. "తొట్టిని పారేసి చేపల్ని చెరువులో వదిలేద్దామని నాన్నగారు అంటున్నారు. మాస్టారూ, కారేచోట పైనుంచి ఇంకాస్త జిగురు పూస్తే సరిపోదా?" అని అడిగాడు.

సరిపోదు, నాయనా. ఎందుకు సరిపోదో నాకు బాగా తెలుసు. ఆ పాఠం నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఏడు చేపల్ని పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు అసలు తొట్టి ఎందుకు కారుతుందో చూద్దాం.

మీ తొట్టి పొడుగు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30 అనుకోండి. ఈ మూడింటినీ గుణించి చూడండి. 54,000 ఘన సెంటీమీటర్లు వస్తుంది. అంటే 54 లీటర్లు. ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది గనుక నిండు తొట్టిలోని నీటి బరువు 54 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు కలిపినా అంత ఉండవు!

ఈ బరువంతా అడుగు అద్దం మీదనే పడుతుందని మీరు అనుకోవచ్చు. కాని నీటికి ఒక గుణం ఉన్నది. అది కిందికి నొక్కినట్టే పక్కలకూ తోస్తుంది. బియ్యపు గిన్నెకు పక్కన చిల్లి ఉంటే నాలుగు గింజలు రాలి ఆగిపోతాయి. నీళ్ళ బిందెకు చిల్లి ఉంటే చివ్వున చిమ్ముతుంది కదా!

ఎంత తోస్తుందో కూడా లెక్క వేయవచ్చు. ఒక సెంటీమీటరు లోతున నీరు ప్రతి చదరపు సెంటీమీటరునూ ఒక గ్రాము బరువుతో నొక్కుతుంది. పది సెంటీమీటర్ల లోతున పది గ్రాములు, ముప్ఫై లోతున ముప్ఫై. పైన సున్న, అడుగున ముప్ఫై కాబట్టి సగటు పదిహేను. ముందరి అద్దం వైశాల్యం 60ని 30తో గుణిస్తే 1800 చదరపు సెంటీమీటర్లు. దాన్ని పదిహేనుతో గుణించండి. 27,000 గ్రాములు, అంటే 27 కిలోలు! నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు తన బరువంతా ఆ అద్దం మీద మోపి, రాత్రింబగళ్ళు, ఆదివారం కూడా సెలవు తీసుకోకుండా బయటికి తోస్తున్నట్టు అన్నమాట. ఆ అద్దాన్ని పట్టి నిలిపేది అంచున ఉన్న సన్నని జిగురు పట్టీయే.

లోతు రెట్టింపు చేస్తే ఈ తోపు ఎంత అవుతుందో మీరే వేసి చూడండి. రెండింతలు అని తొందరపడి చెప్పేవాళ్ళు చాలామంది. కాదు, నాలుగింతలు! సగటు ఒత్తిడీ రెట్టింపవుతుంది, అద్దం వైశాల్యమూ రెట్టింపవుతుంది. అందుకే తొట్టి పొడుగు పెరిగిన దానికంటె ఎత్తు పెరిగినకొద్దీ అద్దం మందంగా ఉండాలి.

ఈ సంగతి మన పెద్దలకు గాజుతొట్టెలు పుట్టకముందే తెలుసు. మీ ఊరి చెరువు కట్ట మీద నడిచినప్పుడు గమనించండి. పైన బండి పట్టేంత వెడల్పు ఉంటే, కింద దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. అదీ అంతే, పైన సన్నం, అడుగున బాగా వెడల్పు. నీరు అడుగున ఎక్కువగా తోస్తుంది గనుక అడ్డమూ అక్కడే బలంగా ఉండాలి. మీ తొట్టెలు కూడా తరచు అడుగు మూలల్లోనే కారడానికి ఇదొక కారణం.

ఇక ఈ గాజుతొట్టి పూర్వకథ కొంచెం విందాం. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తొట్టిలో బంగారుచేపల్ని, వాలిస్నేరియా అనే నీటిమొక్కను కలిపి పెంచాడు. మొక్క వెలుతురులో బొగ్గుపులుసు వాయువును తీసుకుని ప్రాణవాయువును విడిచేది. చేపలు ఆ ప్రాణవాయువును పీల్చుకునేవి. కాని రాలిన ఆకులు కుళ్ళి నీరు చెడిపోసాగింది. ఆయన అందులో నత్తల్ని కూడా వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తినేశాయి. అంతటితో నీరు తేటబడింది. చూశారా, మూడు ప్రాణులు ఒకదాని కొకటి సాయం! 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. ఆ మరుసటి సంవత్సరం ఫిలిప్ గాస్ అనే ఆయన రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే పేరు అందరి నోళ్ళా పడింది.

ఆ రోజుల తొట్టెలు ఇనుప చట్రంలో అద్దాలు బిగించి, సందుల్లో లప్పం కూరినవి. లప్పం అంటే మీకు తెలుసు. కిటికీ అద్దాలకు, గోడలకు రంగులు వేసేవాళ్ళు పెడతారే, అటువంటిదే. అది కొన్నాళ్ళకు ఎండి బీటలు వారేది. చట్రం తుప్పు పట్టేది. 1960ల తరువాత చట్రమే లేకుండా, అద్దాన్ని అద్దానికే అతికించిన తొట్టెలు వ్యాపించాయి. అందుకు కారణం ఒక కొత్త జిగురు. దాని పేరు సిలికోన్.

పేరు జాగ్రత్తగా పలకండి. సిలికాన్ వేరు, సిలికోన్ వేరు. సిలికాన్ ఒక మూలకం. ఇసుకలో ప్రాణవాయువుతో కలిసి ఉంటుంది. సిలికోన్ అనేది మనిషి చేసిన పదార్థం. ఒక సిలికాన్ పరమాణువు, ఒక ప్రాణవాయువు పరమాణువు, మళ్ళీ సిలికాన్, మళ్ళీ ప్రాణవాయువు, ఇట్లా దండ గుచ్చినట్టు పొడుగ్గా సాగే గొలుసు అది. ఆ గొలుసుకు పక్కల చిన్న చిన్న కొమ్మలు వేలాడుతూ ఉంటాయి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ అనే ఆచార్యుడు ఈ పదార్థాలను చాలా ఏళ్ళు శోధించాడు. పేరు పెట్టింది కూడా ఆయనే. కాని వీటివల్ల పెద్ద ఉపయోగం ఉంటుందని ఆయన అనుకోలేదు! ఆ తరువాత అమెరికాలో ఫ్రాంక్లిన్ హైడ్, యూజీన్ రోకో అనే శాస్త్రవేత్తలు దాన్ని పనికివచ్చే వస్తువుగా మార్చే దారులు కనుక్కున్నారు. 1969లో చంద్రుడి మీద మొదటి అడుగు వేసిన మనిషి బూటు అడుగుభాగం సిలికోన్ రబ్బరుతో చేసినదే.

గాజు కూడా ముఖ్యంగా ఇసుక నుంచి వచ్చినదే. ఈ జిగురూ ఇసుక కుటుంబానిదే. అందుచేత రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. పైగా సిలికోన్ రబ్బరులాగా సాగుతుంది. నీళ్ళు పోస్తే అద్దం వెంట్రుకవాసి వంగుతుంది, ఎండకు వేడెక్కి వ్యాకోచిస్తుంది. జిగురు కూడా దానితోపాటు సాగుతుంది గనుక బీటలు వారదు. నీటిలో కరగదు, కుళ్ళదు.

మరి గొట్టంలో వెన్నలా ఉన్న జిగురు బయటికి రాగానే రబ్బరుగా ఎట్లా మారుతుంది? తడి బట్ట ఆరినట్టు ఆరుతుందనుకుంటాం. నిజానికి జరిగేది దానికి తలకిందులు. బట్టలోంచి తేమ పోతుంది. జిగురులోకి తేమ వస్తుంది! గాలిలోని నీటి ఆవిరి తగిలితేనే దాని గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. అప్పుడు కొంచెం ఎసిటిక్ ఆమ్లం వెలువడుతుంది. వెనిగర్‌కు పులుపు తెచ్చేది అదే. అందుకే జిగురు పూసిన గదిలో ఊరగాయ సీసా మూత తీసినట్టు ఘాటైన వాసన వస్తుంది. ఇంకొక సంగతి. పైన ముందు చర్మం కడుతుంది. ఆ చర్మంలోంచి తేమ మెల్లగా దూరి లోపలికి పోవాలి. సుమారుగా రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుంది. పైన వేలు పెట్టి చూసి ఆరిందనుకుంటే మోసపోతాం. నేను అట్లాగే మోసపోయాను.

ఇప్పుడు నా కథ చెబుతాను. 2010లో నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుణ్ణి. పదో తరగతి ముగించి వెళ్ళిపోతున్న పిల్లలు తలా ఇంత పోగుచేసి, బడికి గుర్తుగా ఒక గాజుతొట్టి కొని ఇచ్చారు. అందులో పదకొండు చేపలు. చిన్న తరగతుల పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే తొట్టి దగ్గర చేరేవాళ్ళు. ఆ వేసవి తరువాత తొట్టి మూల నుంచి కారడం మొదలైంది.

నాకు ఇటువంటి పనులు చేతనవునని గొప్ప ధీమా. హార్డ్‌వేర్ కొట్టుకు పోయి, స్నానాల గది సందులకు వాడే సిలికోన్ గొట్టం చవకగా వస్తే కొన్నాను. శుక్రవారం సాయంత్రం నీళ్ళు తోడేసి, పాత జిగురు మీదనే కొత్త జిగురు దట్టంగా పూస్తున్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పక్కన నిలబడి గొట్టం మీది చిన్న అక్షరాలు చదువుతున్నది. "మాస్టారూ, దీని మీద బూజు పట్టదని రాసి ఉందండీ. బూజును చంపే మందు చేపను చంపదాండీ?" అని అడిగింది.

నేనేమన్నానో తెలుసా? "ముందు వెళ్ళి నీ లెక్కలు చేసుకో," అన్నాను.

శనివారం పొద్దున వేలు పెట్టి చూశాను. గట్టిగానే తగిలింది. వాసన ఇంకా పోలేదు. అయినా నీళ్ళు పోసి చేపల్ని వదిలాను. సోమవారం గది తలుపు తీసేసరికి ఏడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలిన నాలుగు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అంత పని చేసినా మూల కారడం మాత్రం ఆగలేదు. కొత్త జిగురును చిటికెన వేలితో లాగితే నాడాలాగా ఊడి చేతికి వచ్చింది.

ఆ రోజు ప్రార్థన సమయంలో ఆ అమ్మాయిని ముందుకు పిలిచి, అడిగిన ప్రశ్నను మళ్ళీ అందరి ముందూ అడగమన్నాను. పాపం, దెబ్బలు పడతాయనుకుని వణుకుతూ అడిగింది. "దీనికి జవాబు నాకు తెలియదు. తెలియదని శుక్రవారమే చెప్పి ఉంటే ఆ ఏడు చేపలు బతికేవేమో. తప్పు నాది," అన్నాను. బడి అంతా చడీచప్పుడు లేకుండా నిలబడింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను చెప్పిన పాఠాల్లో అది కష్టమైన పాఠం.

తరువాత అందరం కూర్చుని వెతుక్కున్నాం. నేను చేసిన తప్పులు మూడు. పాత సిలికోన్ మీద కొత్తది సరిగా పట్టదు. గట్టిపడిన సిలికోన్‌కు ఏదీ అంత తేలిగ్గా అంటుకోదు. అట్లు అంటుకోని పెనం ఉంటుందే, అట్లాంటిదన్నమాట. కేకులు చేసే అచ్చులు సిలికోన్‌తో చేసేది అందుకే. ఇది మొదటి తప్పు. స్నానాల గది జిగురులో బూజును చంపే మందు కలుపుతారు. అది నీటిలోకి ఊరితే చేపలకు విషం. ఇది రెండవ తప్పు. పూర్తిగా గట్టిపడకముందే నీళ్ళు పోయడం మూడవది. ఈ మూడింటిలో చేపల్ని చంపినది రెండవదా, మూడవదా, రెండూ కలిసా? నేటికీ చెప్పలేను. తప్పులన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల చెడిందో ఎవరూ చెప్పలేరు. ప్రయోగం చేసేటప్పుడు ఒకసారికి ఒకటే మార్చాలని నేను మీకు చెబుతూ ఉండేది ఇందుకే.

సరే, ఆ తరువాత మేము చేసిన పద్ధతి చెబుతాను. బ్లేడు పట్టే పని, జిగురు పని పెద్దవాళ్ళు చేయాలి. చూడడం, కొలవడం, రాసిపెట్టడం మీ పని. అది తక్కువ పని కాదు.

మొదట తొట్టి నిజంగా కారుతున్నదో లేదో తేల్చండి. నీరు తగ్గినంత మాత్రాన కారుతున్నట్టు కాదు. ఎండాకాలం ఆవిరై కూడా పోతుంది. తొట్టి మీద నీటి మట్టం దగ్గర గీత గీయండి. తిన్నని గోడలున్న గాజుగ్లాసులో నీళ్ళు పోసి, దానికీ గీత గీసి పక్కన పెట్టండి. గాలిబుడగల మోటారును ఆ ఒక్కరోజు రాత్రి కొన్ని గంటలు ఆపవచ్చు. మర్నాడు రెండింటిలోనూ ఇంచుమించు ఒకే దూరం తగ్గితే అది సూర్యుడి పని. తొట్టిలో బాగా ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే.

ఎక్కడ కారుతున్నదో కనుక్కోవడం రెండవ పని. బయట అంతా పొడిగుడ్డతో తుడిచి, నాలుగు అంచుల కిందా పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టండి. ఏ ముక్క ముందు తడుస్తుందో రాసుకోండి. అయితే తడి కనిపించినచోటే చిల్లి ఉండనక్కరలేదు. వానాకాలం పైకప్పు ఒకచోట కారితే నీరు దూలం వెంట పోయి ఇంకొకచోట పడదా? ఇదీ అంతే. చేపల్ని తీసిన తరువాత తొట్టిని అట్లాగే వదిలేస్తే నీరు తగ్గుతూ తగ్గుతూ ఒక మట్టం దగ్గర ఆగిపోతుంది. చిల్లి ఉన్న ఎత్తు అదే. అడుగంటా పోతే చిల్లి అడుగున ఉన్నట్టు.

చేపల్ని మార్చేటప్పుడు తొందరపడకండి. సబ్బు తగలని పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, తొట్టిలోని పాత నీళ్ళనే అందులో నింపండి. నీటిని వడకట్టే స్పాంజి ఉంటే దాన్ని కుళాయి కింద కడగవద్దు. చేపల మలినం నుంచి పుట్టే అమ్మోనియా అనే విషాన్ని విరిచే సూక్ష్మజీవులు అందులో కాపురం ఉంటాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ వాటిని చంపుతుంది. స్పాంజిని కూడా టబ్బులోనే వేసి, గాలిబుడగలు పెట్టండి. పైన వల గాని, పలచని గుడ్డ గాని కట్టండి. చేప పైకి ఎగురుతుంది, పిల్లి కింద కాచుకుని ఉంటుంది! వారం రోజులు మేత కొంచెమే వేయండి. మిగిలిన మేతే నీటిని చెడగొడుతుంది. రోజు విడిచి రోజు కొంత నీరు తీసి, ఒకరోజు నిలవ ఉంచిన నీరు కలపండి.

తొట్టిలో చెయ్యి పెట్టే ముందు మోటారు, దీపం, హీటరు అన్నిటి ప్లగ్గులూ గోడ దగ్గర పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. ఇది మీరు ఇంట్లో పెద్దలకు కూడా గుర్తు చేయండి. నీళ్ళు, గులకరాళ్ళు అన్నీ తీసిన తరువాతనే తొట్టిని ఎత్తాలి. సగం నీళ్ళున్నా సరే ఎత్తవద్దు. అద్దం మెలితిరిగి అతుకు విడిపోతుంది.

పెద్దలు ఇప్పుడు బ్లేడుతో లోపలి జిగురు తీయాలి. లోపలి మూలల్లో పొడుగునా పూసిన పట్టీ ఒకటి, అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న సన్నని పొర ఇంకొకటి. మధ్య పొర అద్దాలను నిలబెట్టేది. దాన్ని కోయవద్దు. లోపలి పట్టీ నీటిని ఆపేది. దాన్ని ఒక మూలనే కాదు, నాలుగు నిలువు మూలలూ, అడుగు నాలుగు అంచులూ మొత్తం తీసేయాలి. ఒక ముక్క పాతది ఉంచితే కొత్తది అక్కడ అతకక మళ్ళీ దారి ఇస్తుంది. చేతులకు మందపాటి తొడుగులు ఉండాలి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో అద్దాన్ని రెండు మూడు సార్లు తుడిచి ఆరనివ్వాలి. ఇది త్వరగా అంటుకునే ద్రవం. పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీలు తెరిచి పని చేయాలి. తుడిచిన తరువాత అద్దం మీద వేలు పెట్టవద్దు. మీ వేలి జిడ్డు చాలు, జిగురు పట్టకపోవడానికి.

జిగురు కొనేటప్పుడు గొట్టం మీద అక్వేరియానికి పనికివస్తుందని రాసి ఉన్నదో లేదో చూడండి. బూజు పట్టదు, శిలీంద్రాలను చంపుతుంది అనే మాటలు ఉంటే అది మనకు వద్దు. మా అమ్మాయి చేసినట్టు చిన్న అక్షరాలు చదవండి. తయారైన తేదీ, గడువు తేదీ కూడా చూడండి. పాతబడిన జిగురు సరిగా గట్టిపడదు.

మూలకు రెండు పక్కలా అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ దూరం వదిలి కాగితపు టేపు అంటించాలి. గొట్టం ముక్కు ఏటవాలుగా కోసి, ఒక చివర నుంచి రెండో చివర దాకా ఆపకుండా ఒకే ధారగా పూయాలి. మధ్యలో ఆపితే గాలిబుడగ చిక్కుతుంది. తొడుగు వేసుకున్న వేలితో ఒక్కసారి మెత్తగా లాగి నునుపు చేయాలి. చర్మం కట్టడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. ఆలోగా టేపు లాగేయాలి. ఆలస్యమైతే టేపుతోపాటు జిగురు అంచు కూడా లేస్తుంది. ఒక పొడుగు అంచు ముగించి, ఇంకొకటి మొదలుపెట్టడం మంచిది.

ఇక కష్టమైన పని ఒకటి మిగిలింది. ఏమీ చేయకుండా ఊరుకోవడం! కనీసం గొట్టం మీద రాసినంత గడువు ఆగాలి. నేనైతే వారం ఆగుతాను. రోజూ పొద్దున తొట్టిలో ముక్కు పెట్టి వాసన చూడండి. పులుపు వాసన ఉన్నన్నాళ్ళూ లోపల పని జరుగుతున్నదన్నమాట. మా బడిలో ఒక పిల్లవాడు గోడ మీద పట్టిక గీసి, 'చాలా ఘాటు, కొంచెం ఘాటు, లేదు' అని రోజూ గుర్తు పెట్టాడు. నా వేలి కంటె వాడి ముక్కు నయమనిపించింది.

తరువాత నీటి పరీక్ష. ఇంటి లోపల కాదు, నీరు పోయినా నష్టం లేనిచోట చేయండి. కింద బల్ల సమంగా ఉందో లేదో రసమట్టంతో చూసి, ఒక థర్మకోల్ పలక పరవండి. బల్ల మీది చిన్న గరుకు, ఇసుక రేణువు కూడా 54 కిలోల బరువు కింద అద్దాన్ని పగలగొట్టగలవు. థర్మకోల్ వాటిని తనలో నొక్కుకుంటుంది. మొదట పావు వంతు నీరు పోసి కొన్ని గంటలు చూడండి. తరువాత సగం. తరువాత నిండుగా పోసి రెండు రోజులు ఉంచండి. చుట్టూ వార్తాపత్రిక పొడిగా ఉంటే మీరు గెలిచారు. ఆ నీరు పారబోసి, కొత్త నీరు నింపి, ఒకరోజు నిలవ ఉంచి, టబ్బులోని నీరు కొద్ది కొద్దిగా కలుపుతూ చేపల్ని వదలండి.

తల్లిదండ్రులకు ఒక మాట. లోపలి పట్టీ చెడితే ఇంట్లో బాగుచేసుకోవచ్చు. కాని అద్దం పగిలినా, అద్దాల మధ్య పొరలో బుడగలు, తెల్లని గీతలు కనిపించినా, తొట్టి ఎత్తు అడుగున్నర దాటినా, అది తొట్టెలు చేసేవాళ్ళ పని. పైన వేసిన లెక్క మరొకసారి చూడండి. అన్ని కిలోల తోపుతో అద్దం విడిపోతే పక్కన నిలబడేది మీ పిల్లలే.

ఉత్తరం రాసిన కుర్రవాడా! తొట్టి సంగతి ఏమైనా గాని, చేపల్ని మాత్రం చెరువులో వదలవద్దని నాన్నగారితో చెప్పు. తొట్టి అద్దాల మీది పాచి తింటుందని దక్షిణ అమెరికా నదుల సకర్ చేపను మన వాళ్ళు పెంచారు. పెరిగి పెద్దదయ్యాక కొందరు చెరువుల్లో, కాలువల్లో వదిలారు. ఇప్పుడది మన రెండు తెలుగు రాష్ట్రాల నీళ్ళలోనూ పెరిగి, గట్టి ముళ్ళతో వలలు చింపుతూ జాలర్ల పొట్ట కొడుతున్నది. వాళ్ళు దాన్ని 'దయ్యం చేప' అంటున్నారు. తొట్టిలో ఉన్నదాన్ని తొట్టిలోనే ఉంచాలి. ఉంచలేకపోతే పెంచుకునేవాళ్ళకు ఇవ్వాలి.

మా బడి తొట్టి సంగతి అడుగుతారేమో. మిగిలిన నాలుగు చేపలూ బతికాయి. వాటిలో గప్పీలు ఉండడం వల్ల మూడు నెలలకల్లా తొట్టి నిండా పిల్లలే. నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున కడసారి పోయి, దాని అడుగు అంచు చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉన్నది.

ఈ నెల మీరు చేయవలసిన పని ఇది. ఒక పొడుగు ప్లాస్టిక్ సీసాకు పై నుంచి కిందికి ఒకే పరిమాణంలో మూడు చిల్లులు పెద్దవాళ్ళ చేత పెట్టించండి. టేపుతో మూసి, నీళ్ళు నింపి, ఎత్తైన అరుగు అంచున పెట్టి, టేపు ఒక్కసారిగా లాగండి. ఏ చిల్లి నీరు దూరంగా పడింది? తరువాత అదే సీసాను నేల మీదనే పెట్టి మళ్ళీ చేయండి. ఈసారి కూడా అదే చిల్లి గెలిచిందా? గెలవకపోతే ఎందుకు? పుస్తకంలోని బొమ్మ చూసి జవాబు రాయవద్దు. చేసి, చూసి, చూసినదే రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. ఆ మాట రాసినవాళ్ళకు నేను మార్కులు తగ్గించను.

వచ్చే నెల కలుసుకుందాం.